చేతనైనా బాంబు చేయని దేశాలు: అణ్వాయుధ వ్యాప్తి నిరోధంలో తటస్థ, అలీన రాజ్యాల పాత్ర

1963 మార్చిలో జరిగిన ఒక విలేకరుల సమావేశంలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ తనను వెంటాడుతున్న భయాన్ని బయటపెట్టారు. 1970లలో పదవిలో ఉండే అధ్యక్షుడు పదిహేను, ఇరవై, ఒకవేళ పాతిక దేశాల చేతుల్లో అణ్వాయుధాలున్న ప్రపంచాన్ని ఎదుర్కోవలసి రావచ్చన్నారు. అప్పటికి బాంబు ఉన్నవి నాలుగే దేశాలు. ఆరు దశాబ్దాలు గడిచాక నేడు అవి తొమ్మిది: అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా, భారత్, పాకిస్తాన్, ఇజ్రాయెల్, ఉత్తర కొరియా. పాతికకు చేరుతుందనుకున్న లెక్క తొమ్మిది దగ్గర ఎందుకు ఆగింది?

ఈ ప్రశ్నకు మామూలుగా మూడు జవాబులు వినిపిస్తాయి. అగ్రరాజ్యాలు తమ మిత్రులకు అణు గొడుగు పట్టాయి. మాట విననివారి మీద ఒత్తిడి తెచ్చాయి. యురేనియం, రియాక్టర్ల సరఫరాకు కళ్లెం వేశాయి. మూడూ నిజాలే. కానీ ఏ గొడుగు కిందా చేరకుండా, సొంత శాస్త్రజ్ఞులు, సొంత ప్రయోగశాలలు ఉండి కూడా ఆగిపోయిన దేశాల సంగతి ఈ మూడింటితో పూర్తిగా తేలదు. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్పీటీ) అనే ఆలోచన అసలు ఎవరి నుంచి వచ్చిందో, అందులో నిరాయుధీకరణ మాట ఎలా చేరిందో కూడా తేలదు. ఈ రెండు ప్రశ్నలూ మనల్ని అమెరికా, సోవియట్ శిబిరాలు రెండింటికీ బయట నిలబడిన దేశాల దగ్గరికి తీసుకెళ్తాయి. ఆ దేశాల పాత్రను తొలినుంచి నేటిదాకా పరిశీలిస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. తాము ఏదైనా వదులుకున్నప్పుడు వాటి మాట చెల్లింది. ఇతరులు వదులుకోవాలని కోరడంతో సరిపెట్టుకున్నప్పుడు ఆ మాట తీర్మానాల్లోనే ఉండిపోయింది.

బయట నిలబడినవారు రెండు రకాలు

తటస్థ దేశాలనీ అలీన దేశాలనీ ఒకే గాటన కట్టడం అలవాటైపోయింది గానీ ఇవి వేర్వేరు చరిత్రల నుంచి వచ్చాయి. స్విట్జర్లాండ్, స్వీడన్‌ల తటస్థత పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా యుద్ధాల నాటిది. ఆస్ట్రియా తటస్థత 1955లో విదేశీ సైన్యాలు వైదొలగడంతో ముడిపడి వచ్చింది. ఫిన్లండ్‌ది సోవియట్ సరిహద్దున బతకవలసిన దేశం పాటించిన జాగ్రత్త. ఐర్లండ్‌ది వలస పాలన నుంచి బయటపడ్డ దేశపు స్వాభిమానం. సంపన్న ఐరోపాలోని ఈ దేశాలకు యుద్ధం వస్తే తమ నేల మీదే రణరంగం ఏర్పడుతుందన్నది ప్రధాన భయం.

అలీన దేశాల దారి వేరు. 1955లో బాండుంగ్‌లో కలిసిన 29 ఆసియా, ఆఫ్రికా దేశాలూ, 1961లో బెల్‌గ్రేడ్ శిఖరాగ్ర సభకు వచ్చిన 25 దేశాలూ చాలావరకు కొత్తగా స్వాతంత్ర్యం పొందినవి. వాటికి అణుశక్తి ప్రమాదమే కాదు, అభివృద్ధికి ఆశ కూడా. బాంబు వద్దు గానీ విద్యుత్తు, వైద్యం, వ్యవసాయ పరిశోధనల కోసం అణు విజ్ఞానం కావాలి. ఈ రెండో కోరికే తర్వాతి చరిత్రలో సగం పేచీలకు మూలమైంది.

పరీక్షలు ఆపమన్న తొలి గొంతులు

1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవిలో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు, దాన్ని తయారుచేసిన శాస్త్రజ్ఞుల అంచనాకు రెండున్నర రెట్ల శక్తితో పేలింది. మార్షల్ దీవుల ప్రజల మీదా, ఆ దరిదాపుల్లో వేట సాగిస్తున్న జపాన్ చేపల పడవ మీదా రేడియోధార్మిక బూడిద కురిసింది. ఆ పడవలోని 23 మంది జబ్బుపడ్డారు. వారిలో ఒకరు కొన్ని నెలలకే మరణించారు. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో మాట్లాడుతూ, అణ్వాయుధాల రద్దు సంగతి తేలేలోగా కనీసం పేలుళ్లనైనా నిలిపివేసే ఒప్పందం చేసుకోవాలని ప్రతిపాదించారు. పరీక్షలు ఆపాలన్న డిమాండును అంతర్జాతీయ వేదికల ముందు పెట్టిన తొలి ప్రభుత్వాధినేత ఆయనే. అంతటితో ఆగకుండా, అణు పేలుళ్ల ప్రభావాలపై భౌతిక శాస్త్రజ్ఞుడు దౌలత్ సింగ్ కొఠారీ నేతృత్వంలో ఒక శాస్త్రీయ అధ్యయనం చేయించారు. 1956లో భారత ప్రభుత్వం దాన్ని పుస్తకంగా అచ్చువేసి ప్రజల ముందు పెట్టింది. రహస్యం చుట్టూ తిరిగే అంశాన్ని పౌరులు చదివి తెలుసుకోవాలనడం ఆ కాలానికి కొత్త మాట.

ఆఫ్రికాలో నిరసన మరింత కటువుగా వచ్చింది. 1960 ఫిబ్రవరి 13న ఫ్రాన్స్ తన తొలి బాంబును సహారా ఎడారిలోని రెగ్గాన్ దగ్గర పేల్చగానే ఎన్‌క్రుమా నాయకత్వంలోని ఘనా తన దేశంలోని ఫ్రెంచి ఆస్తులను స్తంభింపజేసింది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగు నెలలైనా నిండని నైజీరియా మూడో పేలుడు తర్వాత, 1961 జనవరిలో ఫ్రాన్స్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. నష్టానికి సిద్ధపడి చేసిన నిరసనలివి.

బెల్‌గ్రేడ్ సభ మొదలైన రోజునే, 1961 సెప్టెంబరు 1న, సోవియట్ యూనియన్ దాదాపు మూడేళ్ల విరామం తర్వాత పరీక్షలు తిరిగి మొదలుపెట్టింది. సభ తరఫున నెహ్రూ, ఎన్‌క్రుమా మాస్కోకు, ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో, మాలీ అధ్యక్షుడు మోదిబో కెయితా వాషింగ్టన్‌కు విజ్ఞప్తులు మోసుకెళ్లారు. ఎవరూ ఆగలేదు. అక్టోబరు 30న సోవియట్‌లు మానవ చరిత్రలోకెల్లా పెద్ద పేలుడు జరిపారు. విజ్ఞప్తికి ఉన్న పరిమితి ఏమిటో అలీన దేశాలకు తొలి ఏడాదిలోనే తెలిసొచ్చింది.

ఐర్లండ్ నాటిన విత్తనం

వ్యాప్తిని అడ్డుకోవడానికి ప్రత్యేకంగా ఒక ఒప్పందం కావాలన్న ఆలోచన వాషింగ్టన్‌లోనూ మాస్కోలోనూ పుట్టలేదు. 1958 అక్టోబరులో ఐర్లండ్ విదేశాంగ మంత్రి ఫ్రాంక్ ఐకెన్ దాన్ని ఐక్యరాజ్యసమితి ముందుంచారు. యౌవనంలో ఐరిష్ విప్లవ సైన్యానికి అధిపతిగా పనిచేసిన మనిషి ఆయన. ఆయుధాల సంగతి ఆయనకు పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. సంపూర్ణ నిరాయుధీకరణ ఒక్క పెట్టున రాదు కాబట్టి ముందు చేయగలిగింది చేద్దామన్నది ఆయన వాదం. ఉన్నవాళ్లు ఇతరులకు ఇవ్వకూడదు, లేనివాళ్లు తయారుచేయకూడదు, తెచ్చుకోకూడదు. ప్రతిపాదన ఇంతే. తన మిత్రదేశాల గడ్డ మీద అణ్వాయుధాలు మోహరిస్తున్న అమెరికాకు ఇది నచ్చలేదు. మద్దతు చాలక ఐకెన్ ఆ ముసాయిదాను ఉపసంహరించుకున్నారు. మరుసటి ఏడాది మళ్లీ తెచ్చారు, ఆ మరుసటి ఏడాదీ తెచ్చారు. 1961 డిసెంబరు 4న సర్వప్రతినిధి సభ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఎన్పీటీలో మొదటి రెండు అధికరణలు చెప్పేది ఈ ఐరిష్ తీర్మానంలోని విషయమే. 1968 జులై 1న ఒప్పందం సంతకాలకు తెరిచినప్పుడు ఐర్లండ్ ఆ రోజే సంతకంతోపాటు ఆమోదముద్ర కూడా వేసింది.

అదే 1961లో స్వీడన్ విదేశాంగ మంత్రి ఓస్టెన్ ఉండేన్ మరో మెట్టు ఎక్కారు. బాంబు లేని దేశాలు తమంతట తామే ఒక కూటమిగా ఏర్పడి, తయారుచేయబోమనీ, పరాయి బాంబులను తమ నేల మీద ఉంచనివ్వబోమనీ ప్రకటించాలన్నారు. ఆ కూటమి ఏర్పడలేదు. కానీ చొరవ బాంబు లేనివారి చేతిలోనూ ఉండవచ్చన్న భావన తర్వాత వచ్చిన అణ్వాయుధ రహిత ప్రాంతాలలో ఫలించింది.

జెనీవా బల్ల దగ్గర ఎనిమిది దేశాలు

1962 మార్చిలో జెనీవాలో మొదలైన పద్దెనిమిది దేశాల నిరాయుధీకరణ సంఘం ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు. పశ్చిమ శిబిరం నుంచి అయిదు, సోవియట్ శిబిరం నుంచి అయిదు దేశాలు అందులో సభ్యులు. ఫ్రాన్స్ తన కుర్చీని ఖాళీగా వదిలేసింది. మిగిలిన ఎనిమిది: భారత్, బర్మా, ఈజిప్టుగా మనం పిలిచే నాటి ఐక్య అరబ్ రిపబ్లిక్, ఇథియోపియా, నైజీరియా, బ్రెజిల్, మెక్సికో, స్వీడన్. అంతకుముందు అగ్రరాజ్యాలు తమలో తాము తేల్చుకునే చర్చలో ఈ ఎనిమిదింటికి తొలిసారి కుర్చీ దొరికింది.

ఆ కుర్చీని అవి వాడుకున్న తీరు గమనించదగ్గది. పరీక్షల నిషేధంపై అప్పటి పేచీ తనిఖీల దగ్గర ఆగింది. భూగర్భంలో జరిగే పేలుడును భూకంపం నుంచి ఎలా వేరు చేయాలి? అనుమానం వస్తే ఎవరు వెళ్లి చూడాలి? తమ గడ్డ మీద గూఢచర్యం చేయనివ్వబోమని సోవియట్‌లు, చూడందే నమ్మబోమని అమెరికా భీష్మించుకున్నాయి. ఏప్రిల్ 16న ఎనిమిది దేశాలూ ఉమ్మడి పత్రం సమర్పించాయి. ఆయా దేశాల్లో ఉన్న భూకంప పరిశీలన కేంద్రాలనే ఆధారం చేసుకుని, నిపుణులతో ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పాటుచేసి, అనుమానాస్పద ఘటనలను దానికి నివేదించాలన్నది సారాంశం. రెండు పక్షాలూ దాన్ని చర్చకు ప్రాతిపదికగా ఒప్పుకున్నా ఎవరి భాష్యం వారు చెప్పుకున్నారు. చివరకు 1963 ఆగస్టు 5న కుదిరిన పాక్షిక పరీక్షల నిషేధం గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పేలుళ్లను ఆపింది. భూగర్భాన్ని వదిలేసింది. అయినా సంతకాలు చేసిన దేశాల పేలుళ్ల బూడిద పసిపిల్లల పాలలోకి చేరడం ఆగింది. ఆ ఒక్క ఫలితం కోసమైనా ఆ చర్చలు చేయదగ్గవే.

ఎన్పీటీ ముసాయిదా దగ్గర ఈ దేశాల ముద్ర ఇంకా లోతుగా పడింది. 1965 నవంబరులో వాటి చొరవతో సర్వప్రతినిధి సభ ఆమోదించిన 2028వ తీర్మానం, రాబోయే ఒప్పందం ఎలా ఉండాలో అయిదు సూత్రాలలో చెప్పింది. దొడ్డిదారులు ఉండకూడదు. ఉన్నవారికీ లేనివారికీ బాధ్యతల్లో సమతూకం ఉండాలి. అది నిరాయుధీకరణకు మెట్టు కావాలి. అమలు అయ్యేదిగా ఉండాలి. ప్రాంతీయ ఒప్పందాలకు అడ్డు రాకూడదు. 1967 ఆగస్టులో అమెరికా, సోవియట్ యూనియన్ ఒకే రకమైన ముసాయిదాలు తెచ్చినప్పుడు వాటి అధికరణల్లో నిరాయుధీకరణ బాధ్యత లేదు. ఆ మాట ఉపోద్ఘాతానికే పరిమితమైంది. మెక్సికో దాన్ని ప్రత్యేక అధికరణగా చేర్చాలని పట్టుబట్టింది. స్వీడన్, భారత్ తదితర దేశాలు బలం చేకూర్చాయి. ఆయుధ పోటీని త్వరగా ఆపడానికీ నిరాయుధీకరణకూ చిత్తశుద్ధితో చర్చలు సాగించాలన్న ఆరో అధికరణ ఇలా వచ్చింది. శాంతియుత అణుశక్తిపై హక్కును చెప్పే నాలుగో అధికరణకు చేరిన బలం, అణ్వాయుధ రహిత ప్రాంతాల హక్కును గుర్తించే ఏడో అధికరణ, అయిదేళ్లకోసారి సమీక్ష జరిపే వీలు కూడా ఇటువంటి సవరణల ఫలమే.

ఇవి లేకుంటే ఎన్పీటీ, అయిదు దేశాలకు ఆయుధాలూ మిగతా ప్రపంచానికి ఆంక్షలూ పంచే కాగితంగా మిగిలేది. ఇవి చేరాక అది ఒక ఇచ్చిపుచ్చుకోలు అయింది. బాకీ ఉందని నేడు ఎవరైనా అణు రాజ్యాలను నిలదీయగలుగుతున్నారంటే, ఆ బాకీ పత్రం రాసింది ఈ దేశాలే.

మెక్సికో చూపిన దారి

1962 అక్టోబరు క్యూబా సంక్షోభం లాటిన్ అమెరికాను వణికించింది. పరాయివారి క్షిపణుల వల్ల తమ ఖండం బూడిదయ్యే ప్రమాదం తృటిలో తప్పింది. మరుసటి ఏప్రిల్‌లో బొలీవియా, బ్రెజిల్, చిలీ, ఈక్వడార్, మెక్సికో అధ్యక్షులు అణ్వాయుధ రహిత ప్రాంతం కోసం ప్రకటన చేశారు. మెక్సికో దౌత్యవేత్త అల్ఫోన్సో గార్సియా రోబ్లెస్ ఓర్పుతో సాగించిన చర్చల ఫలితంగా 1967 ఫిబ్రవరి 14న మెక్సికో నగరంలోని ట్లాటెలోల్కోలో ఒప్పందం కుదిరింది. అప్పటికి ఎన్పీటీ ఇంకా పుట్టలేదు. ఈ ఒప్పందంలో ఎన్పీటీని మించిన సుగుణం ఒకటుంది: ఆ ప్రాంతంపై అణ్వాయుధాలు ప్రయోగించబోమని, బెదిరించబోమని అణు రాజ్యాలు అనుబంధ పత్రం మీద సంతకం చేయాలి. 1979 నాటికి అయిదూ చేశాయి. క్యూబా 2002లో చేరడంతో ఆ ప్రాంతంలోని 33 దేశాలూ లోపలికి వచ్చాయి. దక్షిణ పసిఫిక్ (1985), ఆగ్నేయాసియా (1995), ఆఫ్రికా (1996), మధ్య ఆసియా (2006) అదే బాట పట్టాయి. రష్యా, చైనాల మధ్య చిక్కుకున్న మంగోలియా 1992లో తనను తానే అణ్వాయుధ రహిత దేశంగా ప్రకటించుకుంది. నేడు దక్షిణార్ధగోళంలోని నేల దాదాపు మొత్తం ఇటువంటి ఒప్పందాల నీడన ఉంది.

ఇంట్లో తేల్చుకున్న తర్వాతే

స్వీడన్ బాంబు చేయగలిగిన దేశం. ఈ సంగతి మరిచిపోతే ఆ దేశపు దౌత్యం అర్థం కాదు. 1945లోనే దాని రక్షణ పరిశోధన సంస్థ అణుబాంబు అధ్యయనం మొదలుపెట్టింది. సొంత యురేనియం, భారజల రియాక్టర్లు, ప్లుటోనియం పరిజ్ఞానం సమకూర్చుకుంది. 1950లలో సైన్యాధిపతి నీల్స్ స్వెడ్లుండ్ బాంబు కావాలని బాహాటంగా అడిగారు. అధికారంలో ఉన్న సోషల్ డెమోక్రాట్ పార్టీ నిలువునా చీలింది. ఆ పార్టీ మహిళా విభాగం ఇంగా తోర్సన్ నాయకత్వంలో వద్దని గట్టిగా నిలబడింది. ప్రధాని టాగె ఎర్లాండర్ నిర్ణయాన్ని వాయిదా వేస్తూ వచ్చారు. ఆ వాయిదా కాలంలో పౌర చర్చ పెరిగింది, ఖర్చు లెక్కలు బయటికి వచ్చాయి, అమెరికా ఒత్తిడీ పనిచేసింది. 1968లో స్వీడన్ ఎన్పీటీ మీద సంతకం పెట్టి ఆ అధ్యాయం మూసింది.

జెనీవాలో స్వీడన్ బృందానికి నాయకత్వం వహించిన ఆల్వా మిర్డాల్ మాటకు బరువు ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. ఏ పేలుడును దాచవచ్చు, దేన్ని దాచలేరు అన్నది ఆమె వెనుక ఉన్న శాస్త్రజ్ఞులకు లోపలి నుంచి తెలుసు. బాంబు కోసం కూడబెట్టిన జ్ఞానాన్ని స్వీడన్ తనిఖీ విద్యగా మార్చింది. హాగ్‌ఫోర్స్‌లో భూకంప పరిశీలన కేంద్రం నెలకొల్పింది. 1966లో స్టాక్‌హోంలో శాంతి పరిశోధన సంస్థ సిప్రిని స్థాపించింది. ప్రపంచంలో ఎవరి దగ్గర ఎన్ని బాంబులున్నాయో తెలుసుకోవాలంటే పత్రికలు నేటికీ చూసేది ఆ సంస్థ అంచనాలనే. 1982 నోబెల్ శాంతి బహుమతి మిర్డాల్, గార్సియా రోబ్లెస్ కలిసి అందుకున్నారు.

స్విట్జర్లాండ్ కథ ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. 1958లో ఆ దేశ ప్రభుత్వం అణ్వాయుధాలు సమకూర్చుకునే ఆలోచనను బహిరంగంగా సమర్థించింది. వాటిని నిషేధించాలన్న ప్రజాభిప్రాయ సేకరణ 1962లో ఓడిపోయింది. సైన్యాన్ని అణ్వాయుధాలతో సాయుధం చేసే ముందు ప్రజలను అడగాలన్న మరో ప్రతిపాదన 1963లో వీగిపోయింది. అటువంటి దేశం 1969లో ఎన్పీటీపై సంతకం చేసి, 1977లో ఆమోదించింది. తటస్థత దానంతట అదే శాంతి కాదని స్విస్ అనుభవం చెబుతుంది. ఒంటరిగా నిలబడే దేశానికి బాంబు ఆకర్షణ మరీ ఎక్కువ. దాన్ని నిగ్రహించుకోవడం రాజకీయ నిర్ణయం.

అర్జెంటీనా, బ్రెజిల్ ఇంకో రకం ఉదాహరణ. రెండూ ఎన్పీటీని వివక్ష అని తోసిపుచ్చాయి, రెండూ సైనిక పాలనలో రహస్య కార్యక్రమాలు నడిపాయి. పౌర ప్రభుత్వాలు వచ్చాక 1985లో ఆ దేశాల అధ్యక్షులు అల్ఫొన్సిన్, సార్నీ కలిసి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1991లో ఒకరి కేంద్రాలను మరొకరు తనిఖీ చేసే ఉమ్మడి సంస్థ ఏర్పడింది. పొరుగు దేశాల మధ్య అనుమానాన్ని పోగొట్టడానికి ఇంతకంటే మంచి నమూనా లేదు. దక్షిణాసియాకు ఇది చదవవలసిన పాఠం.

భారతదేశం ఎంచుకున్న దారి

ఈ చరిత్రలో మనకు అన్నిటికంటే కష్టమైన పుట మనదే. 1964 అక్టోబరు 16న చైనా బాంబు పేల్చింది. రెండేళ్ల కిందటే దాని చేతిలో ఓడిన దేశం మనది. అణు దేశాల నుంచి రక్షణ హామీ కోసం ప్రధాని శాస్త్రి ప్రభుత్వం ప్రయత్నించింది. నమ్మదగ్గ హామీ దొరకలేదు. జెనీవాలో భారత ప్రతినిధి వి.సి. త్రివేది వ్యాప్తిని రెండు రకాలుగా చూడాలని వాదించారు. కొత్త దేశాలకు బాంబు చేరడం ఒకటి, ఉన్న దేశాలే వాటిని పెంచుకుంటూ పోవడం మరొకటి. రెండోదాన్ని వదిలి మొదటిదాన్నే ఆపడం న్యాయం కాదన్నారు. ఆ వాదంలో లోపం వెతకడం కష్టం. 1968 జూన్‌లో సర్వప్రతినిధి సభ ఒప్పందాన్ని 95 ఓట్లతో ఆమోదించినప్పుడు భారత్ ఓటింగుకు దూరంగా ఉన్న 21 దేశాలలో ఒకటి. వ్యతిరేకించిన నాలుగింటిలో టాంజానియా, జాంబియా అలీన దేశాలే.

1974 మే 18న పోఖ్రాన్‌లో జరిగిన పేలుడును ప్రభుత్వం శాంతియుతమైనదని చెప్పింది. దానికి వాడిన ప్లుటోనియం, కెనడా శాంతియుత అవసరాలకని ఇచ్చిన రియాక్టర్ నుంచి వచ్చింది. ఫలితంగా అణు సరఫరాదారుల కూటమి పుట్టింది, ఆంక్షలు బిగిశాయి. వాటి దెబ్బ మనతోపాటు బాంబు ఊసే లేని ఇతర వర్ధమాన దేశాలకూ తగిలింది.

అయినా మన గొంతు పూర్తిగా మూగబోలేదు. 1985 జనవరిలో రాజీవ్ గాంధీ, స్వీడన్ ప్రధాని పాల్మె, టాంజానియా అధ్యక్షుడు న్యెరెరె, అర్జెంటీనా, మెక్సికో, గ్రీసు నేతలు కలిసి ఢిల్లీ ప్రకటన చేశారు. పరీక్షలు ఆపితే పర్యవేక్షణకు తమ నిపుణులను పంపుతామని ఆ ఆరు దేశాలు ముందుకొచ్చాయి. 1988 జూన్‌లో రాజీవ్ 2010 నాటికి అణ్వాయుధాలన్నీ తొలగించే దశలవారీ ప్రణాళికను ఐక్యరాజ్యసమితికి సమర్పించారు. అగ్రరాజ్యాలు దాన్ని పట్టించుకోలేదు.

1995 మేలో ఎన్పీటీని నిరవధికంగా పొడిగించాక పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఇరుకున పడింది. ఆ డిసెంబరులో పోఖ్రాన్‌లో సన్నాహాలు అమెరికా ఉపగ్రహాల కంటబడ్డాయి, పరీక్ష జరగలేదు. 1996లో సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందాన్ని (సీటీబీటీ) జెనీవాలో భారత ప్రతినిధి అరుంధతీ ఘోష్ అడ్డుకున్నారు. పరీక్షలు ఆపమని 1954లో ప్రపంచాన్ని మొదట అడిగిన దేశం, సర్వప్రతినిధి సభలో ఆ ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేసిన మూడు దేశాలలో ఒకటిగా నిలిచింది. 1998 మేలో అయిదు పరీక్షలు జరిపింది. వెంటనే పాకిస్తాన్ అదే పని చేసింది.

భద్రత కోసం ఇది తప్పలేదని చెప్పేవారి వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ఒక నష్టాన్ని ఒప్పుకోవాలి. 1968లో మన వాదం గెలవకపోయినా ప్రపంచం విన్నది. 1998 తర్వాత అదే వాదం మన నోట పలుచబడింది. 2008 సెప్టెంబరులో వియన్నాలో అణు సరఫరాదారుల కూటమి భారత్‌కు మినహాయింపు ఇవ్వబోతే సందేహాలు లేవనెత్తినవాటిలో ఐర్లండ్, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ ఉన్నాయి. పరీక్షలపై స్వచ్ఛంద విరామం పాటిస్తామని విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ పునరుద్ఘాటించాకే అవి మెత్తబడ్డాయి. నేడు హైదరాబాద్‌లోని అణు ఇంధన సంస్థకు విదేశీ యురేనియం అంతర్జాతీయ తనిఖీల కింద వస్తోందంటే ఆ మినహాయింపు వల్లనే.

తనిఖీదారులు, ఆతిథేయులు

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తటస్థ వియన్నాలో 1957లో వెలిసింది. 1961 నుంచి 1997 దాకా, 36 ఏళ్లపాటు, దాన్ని నడిపించినవారు ఇద్దరు స్వీడన్ దేశీయులు: సిగ్వార్డ్ ఎక్లుండ్, హాన్స్ బ్లిక్స్. తర్వాత పన్నెండేళ్లు ఈజిప్టుకు చెందిన మహమ్మద్ ఎల్‌బరాదేయి. ఇరాక్‌లో అణ్వాయుధ కార్యక్రమం తిరిగి మొదలైందనడానికి ఆధారాలు దొరకలేదని 2003లో అమెరికా ముఖం మీదే చెప్పగలిగింది ఎల్‌బరాదేయి సారథ్యంలోని ఆ సంస్థ. ఎన్పీటీ కింద పూర్తిస్థాయి తనిఖీ ఒప్పందం మొదట కుదుర్చుకున్నది ఫిన్లండ్. అగ్రరాజ్యాల మధ్య వ్యూహాత్మక ఆయుధాల చర్చలు 1969లో మొదలైంది హెల్సింకీలో. ఇరాన్‌తో 2015 ఒప్పందానికి దారి తెరిచిన రహస్య సంభాషణలకు ఒమన్ ఆతిథ్యమిచ్చింది. ఎవరి పక్షమూ కాని చోటు లేకపోతే ఎదురెదురు పక్షాలు కూర్చునే బల్లే ఉండదు.

1995 బేరం, ఆ తర్వాత

ఎన్పీటీకి పాతికేళ్లు నిండిన 1995లో, గడువు పెట్టి పొడిగించే అవకాశం అలీన దేశాల చేతిలో ఉన్న ఏకైక బలం. గడువుంటే అణు రాజ్యాల మీద ఒత్తిడి ఉంటుంది. కానీ అవి ఒక్క మాట మీద నిలవలేకపోయాయి. ఇండోనేషియా వంటివి గడువు కోరాయి. తన ఆరు బాంబులను విప్పేసి, మండేలా నాయకత్వంలో అలీన ఉద్యమంలో చేరిన దక్షిణాఫ్రికా నిరవధిక పొడిగింపును సమర్థిస్తూ, దానికి నిరాయుధీకరణ సూత్రాలను జతచేయాలంది. అధ్యక్షస్థానంలో ఉన్న శ్రీలంక దౌత్యవేత్త జయంత ధనపాల ఓటింగు లేకుండా నిర్ణయాల కట్టను నెగ్గించారు. పశ్చిమాసియాను సామూహిక విధ్వంసక ఆయుధాల రహిత ప్రాంతంగా చేయాలన్న తీర్మానం కూడా అందులో భాగం. అది నేటికీ అమలు కాలేదు. దానిపై ఈజిప్టు ఆగ్రహం చల్లారలేదు.

బేరంలో బలం పోయాక ఈ దేశాలు న్యాయాన్ని, మానవత్వాన్ని ఆశ్రయించాయి. అలీన దేశాల చొరవతో వెళ్లిన ప్రశ్నకు 1996 జులై 8న అంతర్జాతీయ న్యాయస్థానం జవాబిస్తూ, నిరాయుధీకరణ చర్చలను జరపడమే కాక ముగింపుకు తేవడం కూడా బాధ్యతేనని ఏకగ్రీవంగా చెప్పింది. 1998లో ఐర్లండ్, స్వీడన్, మెక్సికో, ఈజిప్టు, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, న్యూజీలాండ్, స్లొవేనియా కొత్త కూటమి కట్టాయి. 2000 సమీక్షలో పదమూడు ఆచరణాత్మక చర్యలకు అణు రాజ్యాలను ఒప్పించాయి. ఆస్ట్రియా, మెక్సికో తదితర దేశాల పట్టుదలతో 2017 జులై 7న 122 దేశాలు అణ్వాయుధ నిషేధ ఒప్పందాన్ని ఆమోదించాయి. చర్చలకు అధ్యక్షత వహించింది సైన్యమే లేని కోస్టారికా ప్రతినిధి ఎలేన్ వైట్ గోమెజ్. 2021 జనవరి 22న అది అమల్లోకి వచ్చింది. అణు రాజ్యాలేవీ చేరలేదు. భారత్ ఆ చర్చలకే వెళ్లలేదు.

మౌనాల లెక్క

అలీన ఉద్యమపు వైఫల్యాలను దాచడం ఆ ఉద్యమానికి మేలు చేయదు. ఇరాక్, లిబియా, ఉత్తర కొరియా, పాకిస్తాన్ అలీన ఉద్యమ సభ్యులే. అణు రాజ్యాల తప్పులను ఎత్తిచూపినంత గట్టిగా సాటి సభ్యుల రహస్య కార్యక్రమాలను ఉద్యమం ప్రశ్నించలేదు. శాంతియుత అణుశక్తి హక్కు అన్న న్యాయమైన డిమాండు ఒక్కోసారి దాపరికానికి కవచమైంది. 2006లో ఇరాన్ వ్యవహారాన్ని భద్రతా మండలికి నివేదించే విషయంలో అలీన దేశాలు మూడుగా చీలాయి. భారత్, ఈజిప్టు అనుకూలంగా, క్యూబా, సిరియా వ్యతిరేకంగా ఓటేశాయి. ఇండోనేషియా, దక్షిణాఫ్రికా తటస్థంగా ఉన్నాయి. తన సభ్యుల పట్ల కఠినంగా ఉండలేని ఉద్యమం ఇతరుల పట్ల కఠినంగా ఉంటే వినేవారు తక్కువ.

ఇప్పుడేం చేయాలి

ఉక్రెయిన్ 1990 నాటి తన సార్వభౌమత్వ ప్రకటనలో శాశ్వత తటస్థతను లక్ష్యంగా చెప్పుకుంది. అణ్వాయుధాలు చేయబోం, తీసుకోబోం, సంపాదించుకోబోం అంది. 1994లో తన భద్రతకు హామీ పత్రం అందుకుని, తన గడ్డ మీది సోవియట్ వార్‌హెడ్‌లను రష్యాకు పంపేసింది. హామీ ఇచ్చిన రష్యాయే 2014లో, 2022లో దాని మీద దండెత్తింది. 2025 జూన్‌లో ఎన్పీటీ సభ్యురాలైన ఇరాన్ అణు కేంద్రాల మీద, ఆ ఒప్పందంలో లేని ఇజ్రాయెల్, ఆ ఒప్పంద రూపకర్తల్లో ఒకటైన అమెరికా దాడులు చేశాయి. ఫిన్లండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరాయి. మిర్డాల్ పుట్టిన దేశం నేడు అణు గొడుగు కింద ఉంది. 2015, 2022 సమీక్ష సమావేశాలు ఉమ్మడి పత్రం లేకుండానే ముగిశాయి. సిప్రి అంచనా ప్రకారం ప్రపంచంలో ఇంకా 12,000కు పైగా వార్‌హెడ్‌లు ఉన్నాయి.

బాంబు వదులుకుంటే మోసపోతామన్న పాఠాన్ని ప్రపంచం నేర్చుకోకుండా ఆపడం నేటి అసలు పని. దానికి ఈ చరిత్రే ఆధారాలు ఇస్తోంది. బాంబు లేని దేశాలపై అణు దాడి చేయబోమన్న మాటను రాజకీయ ప్రకటనగా వదిలేయకుండా చట్టబద్ధం చేయాలని, ట్లాటెలోల్కో చూపిన దారిలో, అలీన దేశాలు పట్టుబట్టాలి. తనిఖీ విద్యలో స్వీడన్ చేసిన కృషిని వర్ధమాన దేశాలు అందిపుచ్చుకోవాలి. శాస్త్రం తెలిసినవారి అభ్యంతరాన్ని తోసిపుచ్చడం ఎవరికైనా కష్టం. సాటి సభ్యుడు గీత దాటితే ఉద్యమమే ముందుగా ప్రశ్నించాలి.

భారత్‌కు ప్రత్యేక బాధ్యత ఉంది. ముందుగా ప్రయోగించబోమన్న విధానాన్ని సడలించకుండా కాపాడుకోవాలి. పరీక్షలపై స్వచ్ఛంద విరామాన్ని కట్టుబాటుగా మార్చాలి. పాకిస్తాన్‌తో ఇచ్చిపుచ్చుకుంటున్న అణు కేంద్రాల జాబితాల స్థాయి నుంచి అర్జెంటీనా, బ్రెజిల్ తరహా విశ్వాసం వైపు అడుగు వేయాలి. ఇవేవీ మన రక్షణను తగ్గించవు, మన మాటకు పోయిన బరువును తిరిగి తెస్తాయి. కెనెడీ భయపడ్డ పాతిక తొమ్మిది దగ్గర ఆగడంలో డబ్లిన్, స్టాక్‌హోం, మెక్సికో నగరం, జెనీవాలో కూర్చున్న మన ప్రతినిధులు కూడా భాగస్వాములు. బాంబు లేని 180కి పైగా దేశాలలో దాదాపు అన్నీ ఒప్పందంలో ఇచ్చిన మాటను నిలబెట్టుకుంటున్నాయి. ఆరో అధికరణ కింద ఉన్న బాకీని వసూలు చేసే హక్కు వాటికి ఉంది, ఆ వసూలులో ముందు నిలవవలసిన దేశం భారత్.